కాదనగలిగిన సహధర్మచారిణి

(సూరత్ నగరంలోని లింబాయత్‌లో తెలుగు శ్రోతల కోసం చేసిన ప్రసంగ పాఠం)



లింబాయత్ నుంచి దిండోలీ ఎంతో దూరం కాదు. నేడు ఈ రెండూ సూరత్ నగరంలో కలిసిపోయి ఒకే మునిసిపల్ మండలం కింద ఉన్నవి. 1930లో మాత్రం దిండోలీ నగరం వెలుపలి పల్లె. ఆ సంవత్సరం ఏప్రిల్ 2వ తేదీన గాంధీజీ తన సత్యాగ్రహుల దండుతో ఆ పల్లె మీదుగా నడిచి వెళ్ళారు. ముందు రాత్రి సూరత్‌లో మజిలీ; ఆ రాత్రి వాంఝ్ గ్రామంలో; మరి మూడు రోజులకు దండి సముద్రతీరం. సబర్మతి ఆశ్రమం నుంచి ఆయన వెంట బయలుదేరిన 78 మందిలో ఆంధ్రదేశపు యువకుడు ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నారు. ఈ నేల మీద తెలుగువాని అడుగు మరమగ్గాలకంటె ముందే పడినదని చెప్పుకొనడానికి ఈ ఒక్క పేరు చాలును.

అయితే ఆ దండులో స్త్రీ ఒక్కరూ లేరు.

గాంధీజీ ఆ ప్రయాణానికి స్త్రీలను తీసుకొనలేదు. మార్చి 12వ తేదీన ఆయన నుదుట తిలకం దిద్ది సాగనంపిన కస్తూర్బా ఆశ్రమంలోనే ఉండిపోయారు. అప్పటికి ఆమె వయస్సు అరవై దాటినది. దేశమంతా ఆమెను ‘బా’ అని పిలుస్తున్నది. గుజరాతీ మాటలో ‘బా’ అనగా అమ్మ. తెలుగువారు ఇంటి పెద్దదిక్కును ‘అమ్మ’ అని పిలిచినప్పుడు ఆ పిలుపులో ఎంత చనువు, ఎంత గౌరవం ఉంటవో, ఆ మాటలోనూ అంత ఉన్నది. అందుచేత దానిని అనువదించడం కంటె అలాగే ఉంచడం మేలు.

దండు వెళ్ళిన కొద్ది దినాలకే బా కూడ ఈ జిల్లాకు వచ్చారు. ఆమె వచ్చిన పని ఉప్పు కాదు, కల్లు. ఆ పని ఏమిటో చెప్పుకొనే ముందు, ఆమె ఆ పనికి ఎలా సిద్ధమయ్యారో చెప్పుకొనాలి. ఎందుకనగా, మహాత్ముని భార్య గనుక ఆమె సంఘ సంస్కర్త అయినదని అనుకొనడం సులభం. పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించే కస్తూర్బా అటువంటిదే: భర్త ముందు, ఆమె వెనుక, మాట ఆయనది, మౌనం ఆమెది. చరిత్రలోని కస్తూర్బా వేరు.

ఆమె 1869లో పోరుబందరులో పుట్టారు. తండ్రి గోకులదాస్ కపాడియా వర్తకుడు. పదమూడవ యేట పెండ్లి. చదువు లేదు. ఆనాటి సంపన్న కుటుంబాలలో సైతం ఆడపిల్లకు చదువు చెప్పించడం ఆచారం కాదు. భర్త ఆమెకు చదువు నేర్పాలని ప్రయత్నించారు, అది ఫలించలేదు. ఆ లోపం తనదేనని, తన అధికారపు ధోరణే అందుకు కారణమని ఆయన తరువాత ఆత్మకథలో ఒప్పుకొన్నారు. ఎక్కడికి వెళ్ళాలన్నా తన అనుమతి కావలెనని ఆ బాలభర్త శాసించేవాడట. ఆ బాలభార్య మాత్రం గుడికి వెళ్ళదలచితే గుడికి, బంధువుల ఇంటికి వెళ్ళదలచితే అక్కడికి వెళ్ళేది. గొడవపడేది కాదు, అడిగేదీ కాదు.

1898లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన ఒక ఘటన చాలామందికి తెలుసు. గాంధీగారి ఇంట గుమాస్తాలు కూడ నివసించేవారు. గదులలో మూత్రపాత్రలు ఉండేవి. వాటిని ఇంటివారే ఎత్తి పారబోయాలని గాంధీగారి నియమం. ఒక గుమాస్తా పంచమ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. అతని పాత్రను ఎత్తడం కస్తూర్బాకు దుర్భరమైనది. ఎత్తినది, కాని కన్నీళ్ళతో, కోపంతో ఎత్తినది. సంతోషంగా చేయాలని భర్త పట్టుబట్టాడు. ఈ ఇంట ఉండలేనని ఆమె అనగానే, ఆయన చేయి పట్టుకొని వాకిలి దాకా ఈడ్చుకొని పోయాడు. పరాయి దేశంలో, తల్లిదండ్రులు లేని చోట తనను ఎక్కడికి పొమ్మంటారని, సిగ్గుపడమని ఆమె నిలదీసింది. ఆయన సిగ్గుపడి తలుపు మూశాడు.

ఈ కథను సాధారణంగా గాంధీజీ పశ్చాత్తాపానికి ఉదాహరణగా చెబుతారు. దానిలో మరొక సంగతి ఉన్నది. అంటరానితనం విషయంలో ఆనాడు పొరపాటు ఆమెది. ఇంటి ఇల్లాలిని బలవంతపెట్టడంలో పొరపాటు ఆయనది. ఇద్దరూ పొరబడిన ఆ వాకిలి దగ్గరే ఇద్దరి సంస్కారమూ మొదలైనది. అహింసాత్మక ప్రతిఘటనను తాను భార్య వద్దనే నేర్చుకొన్నానని గాంధీజీ తరువాతి కాలంలో చెప్పుకొన్నారు.

ఆభరణాల వివాదం 1901 నాటిది. గాంధీ కుటుంబం భారతదేశానికి తిరిగి వస్తున్నప్పుడు నేటాల్‌లోని భారతీయులు కానుకలు ఇచ్చారు. వాటిలో యాభై గినీల విలువ గల బంగారు హారం ప్రత్యేకంగా కస్తూర్బాకు ఇచ్చినది. ప్రజాసేవకు ప్రతిఫలం తీసుకొనరాదని గాంధీగారు వాటిని ప్రజలకోసం ధర్మనిధిగా ఏర్పరచదలచారు. పిల్లలు అంగీకరించారు. ఆమె అంగీకరించలేదు. రేపు కోడళ్ళు వస్తే ఏమి పెట్టాలని అడిగింది. హారం తనకు ఇచ్చినది కదా అన్నది. అది తన సేవకు వచ్చినదని ఆయన అనగా, ఆమె ఇచ్చిన సమాధానపు సారం ఇది: మీ సేవ నా సేవ కూడ, మీ కొరకు, మీ ఇంటికి వచ్చిన వారందరి కొరకు రాత్రింబగళ్ళు చాకిరీ చేసినది సేవ కాదా?

కానుకలు ధర్మనిధికే పోయినవి. ఆ నిర్ణయం మంచిదే కావచ్చును. కాని వాదనలో మాత్రం ఆమెదే న్యాయం. ఇంటిలో స్త్రీ చేసే పనికి వెల కట్టే తీరు సంఘంలో లేని కాలంలో, చదువు రాని ఒక ఇల్లాలు ఆ ప్రశ్న వేసింది. లింబాయత్‌లో ఇంటి గడపలో కూర్చుండి చీరలకు లేసు కుట్టే స్త్రీలకు, రాళ్ళు అంటించే స్త్రీలకు, దారపు పోగులు కత్తిరించే స్త్రీలకు ఆ ప్రశ్న అర్థమైనంతగా మరెవ్వరికీ అర్థం కాకపోవచ్చును. మగ్గం మీద పన్నెండు గంటలు నిలబడినవాని కూలి మీటర్ల లెక్కన తేలుతున్నది. ఆ మనిషికి వేళకు అన్నం వండి, పిల్లలను బడికి పంపి, మిగిలిన వేళలో వంద చీరలకు అంచు కుట్టిన మనిషి పని ‘ఖాళీగా ఉన్నప్పుడు చేసినది’ అనిపించుకొంటున్నది.

1913లో ఆమె మొదటిసారిగా జైలుకు వెళ్ళారు. ఆ సంవత్సరం మార్చిలో కేప్ ప్రాంతపు సుప్రీంకోర్టులో న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. క్రైస్తవ పద్ధతిలో జరగని, అక్కడి చట్టం ప్రకారం నమోదు కాని వివాహాలు దక్షిణాఫ్రికాలో చెల్లవన్నది దాని ఫలితం. ఒక్క తీర్పుతో వేలాది హిందూ, ముస్లిం, పార్సీ స్త్రీలు చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. వారి బిడ్డలు వారసత్వం లేనివారైనారు. దానికి తోడు, ఒప్పందపు గడువు ముగిసిన కూలీల మీద ఏటా మూడు పౌనుల తలపన్ను ఉండేది. ఈ కూలీలు ఎవరు? వారిలో అధికభాగం చెన్నపట్నం రేవులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు. విశాఖ, గోదావరి మండలాల నుంచి వెళ్ళి నేటాల్ చెరకు తోటలలో పనిచేసిన తెలుగు కుటుంబాల సంతతి నేటికీ డర్బన్ పరిసరాలలో ఉన్నది. కనుక బా చేసిన మొదటి సత్యాగ్రహం గుజరాతీ వర్తకుల కోసమే కాదు, తెలుగు కూలీల కోసం కూడ.

ఫీనిక్స్ ఆశ్రమంలో గాంధీజీ ఇతర స్త్రీలతో జైలుకు వెళ్ళే విషయం మాట్లాడుతున్నారు. భార్యతో మాత్రం ప్రస్తావించలేదు. తాను అడిగితే కాదనలేక వస్తుందేమో, తరువాత భయపడితే ఇద్దరికీ కష్టమని ఆయన సంకోచం. ఆమె ఆ సంభాషణ విన్నారు. తనలో ఏ లోపం ఉన్నదని తనకు చెప్పలేదని అడిగారు. ఇతరులు భరించగలిగినది తాను ఎందుకు భరించలేనన్నారు. ఆ సెప్టెంబరులో పదహారు మంది బృందంతో ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి అరెస్టయ్యారు. నలుగురు స్త్రీలు: కస్తూర్బా, గాంధీ కుటుంబపు కోడళ్ళు కాశీబెన్, సంతోక్‌బెన్, రంగూన్‌లోని ప్రాణజీవన్ మెహతా కుమార్తె జయకున్వర్. మూడు నెలల కఠిన శిక్ష. డిసెంబరులో విడుదలైనప్పుడు ఆమె ఎముకల గూడుగా ఉన్నారు. మరుసటి ఏడు, 1914లో, వివాహాలను గుర్తించి తలపన్నును రద్దు చేసే చట్టం వచ్చినది.

ఇక్కడ ఒక వ్యత్యాసం గమనించాలి. డర్బన్ ఇంటిలో ఆమెను బలవంతపెట్టారు; ఆమె ఎదిరించింది. ఫీనిక్స్‌లో ఆమెను అడగలేదు. ఆమె తానే బయలుదేరింది. అయినంత మాత్రాన ఆమె మనస్సులోని పాత విశ్వాసాలన్నీ పోయినవని కాదు.

1915 మే నెలలో అహమదాబాద్ దగ్గర కోచ్రబ్‌లో ఆశ్రమం ప్రారంభమైనది. కొద్ది నెలలకు దూదాభాయి, ఆయన భార్య దానీబెన్, పసిపాప లక్ష్మి వచ్చి చేరారు. వారు అంటరానివారుగా ఎంచబడిన కుటుంబం. దాతలు ధనసహాయం మానుకొన్నారు. బావిలో నీరు తోడనివ్వలేదు. ఆశ్రమంలోని స్త్రీలు కూడ ముఖం చిట్లించారు. వారిలో కస్తూర్బా ఒకరు. ఇష్టం లేకపోతే ఆశ్రమం విడిచి వెళ్ళవచ్చునని గాంధీజీ ఆమెతో చెప్పారు. ఆమె వెళ్ళలేదు. తరువాత ఆ పాప లక్ష్మిని గాంధీ దంపతులు తమ కూతురుగా పెంచుకొన్నారు.

ఈ రెండు సంగతుల మధ్య ఏమి జరిగినదో ఎవరూ వ్రాసి ఉంచలేదు. ప్రతి దినం ఒకే వంటయిల్లు, ఒకే నీటికుండ, జ్వరం వచ్చినప్పుడు ఒకే మంచం పక్కన మేలుకొనడం. ఉపన్యాసం వలన మారే మనుషులు ఉంటారు. బా ఆ కోవకు చెందినవారు కారు. ఆమె మారినది చేతుల ద్వారా. పైగా ఆ మార్పు ఒక్కసారిగా పూర్తి కాలేదు. 1938లో ఒరిస్సాలోని డెలాంగ్‌లో గాంధీ సేవా సంఘం సమావేశం జరిగినప్పుడు, ఆమె మహదేవ్ దేశాయి భార్య దుర్గాబెన్‌తో కలసి పూరీ జగన్నాథ మందిరంలోకి వెళ్ళి దర్శనం చేసికొని వచ్చారు. హరిజనులకు ప్రవేశం లేని గుడి అది. అప్పటికి ఆమె ఎన్నో ఏండ్లుగా హరిజన సేవలో ఉన్నారు. గాంధీజీ తీవ్రంగా బాధపడ్డారు. ఆ తప్పు ఆమెకు సరిగా నచ్చజెప్పని తమదేనన్నారు. జగన్నాథుని వాకిలి దాకా వెళ్ళిన ఒక వృద్ధ వైష్ణవ స్త్రీకి లోపలికి పోకుండా తిరిగి రావడం ఎంత కష్టమో ఊహించవచ్చును. ఇటువంటి సంఘటనలను ఆమె జీవితచరిత్ర నుంచి తొలగించరాదు. పుట్టుకతోనే సంస్కర్త అయినవారిని చూసి సామాన్యులు నమస్కరించి ఊరుకొంటారు. తడబడుతూ వచ్చినవారిని చూస్తే తామూ రావచ్చునని అనుకొంటారు.

1917లో ఆమె బీహారులోని చంపారన్‌లో ఉన్నారు. నీలిమందు రైతుల పోరాటంతోపాటు గాంధీజీ పల్లెలలో చిన్న పాఠశాలలు తెరిచారు. భితిహర్వా గ్రామపు బడిలో బా పనిచేశారు. అక్షరాలు నేర్పడం ఇతరుల పని. ఆమె ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు శుభ్రత గురించి చెప్పేవారు. ఆ ప్రాంతంలో కొందరు స్త్రీల బట్టలు మురికిగా ఉండడం చూసి, ఎందుకు ఉతుక్కొనరో అడగమని గాంధీజీ ఆమెను పంపారు. ఒక స్త్రీ ఆమెను తన గుడిసె లోపలికి పిలిచి చూపింది. పెట్టె లేదు, బీరువా లేదు, మరొక చీర లేదు. ఒంటి మీద ఉన్నదే చీర. దానిని ఉతికితే కట్టుకొనడానికి ఏమున్నది? మహాత్ములవారిని అడిగి ఇంకొక చీర ఇప్పిస్తే రోజూ స్నానం చేసి ఉతికినది కట్టుకొంటానన్నది.

గుజరాత్‌లో పుట్టి బీహారులో ఈ మాట విన్న స్త్రీ గురించి ఈనాడు సూరత్‌లో చెప్పుకొంటున్నాము. దేశం నలుమూలలకూ చీరలు పంపే ఊరు ఇది. ఈ పేటలో వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా మగ్గం పని చేస్తున్నవి. పక్క గదిలో ఖాందేశ్ మరాఠీ కుటుంబం, ఎదుటి వరుసలో ఒరియా కార్మికులు, ఆ పక్కన ఉత్తరప్రదేశ్, బీహారుల నుంచి వచ్చినవారు. చంపారన్ స్త్రీ మునిమనుమలలో ఎవరైనా ఇక్కడి పాలియెస్టర్ చీర నేస్తున్నారేమో! వలస అన్నది కొత్త కథ కాదు, ఒక్క భాషవారి కథా కాదు.

ఇక 1930కి వద్దాము. ఏప్రిల్ 6వ తేదీన దండిలో ఉప్పు తీసిన వెంటనే గాంధీజీ దేశంలోని స్త్రీలకు ప్రత్యేకంగా ఒక పని అప్పగించారు: కల్లు, సారా దుకాణాల ఎదుట, విదేశీ వస్త్ర దుకాణాల ఎదుట పికెటింగ్. పురుషులు చేస్తే ఘర్షణ వస్తుంది; స్త్రీలు చేతులు జోడించి నిలబడితే తాగుబోతు కూడ తల వంచుతాడని ఆయన నమ్మకం. ఆ పనికి ఈ జిల్లాలో ముందు నిలిచినవారు కస్తూర్బా, మిఠూబెన్ పేటిట్. మిఠూబెన్ బొంబాయిలోని సంపన్న పార్సీ కుటుంబపు ఆడపడుచు, ఇరవై యేండ్లకు పైగా చిన్నది. చదువు రాని వైష్ణవ వృద్ధురాలు, ఇంగ్లీషు చదివిన పార్సీ యువతి కలసి ఈ పల్లెలలో తాళ్ళ తోపుల వెంట తిరిగారు.

ఆ ప్రాంతపు పరిస్థితి ఇది. పొలాలలో పనిచేసే ఆదివాసీ కూలీలు తరతరాలుగా భూస్వాములకు అప్పుపడి ఉండేవారు. వచ్చిన కొద్ది కూలి కల్లు దుకాణంలోకి పోయేది. దుకాణం హక్కులు వేలంపాటలో అమ్ముడై ప్రభుత్వానికి ఆబ్కారీ ఆదాయం వచ్చేది. తాగుడు మానిపించడం నీతిబోధ మాత్రమే కాదు. అది ప్రభుత్వ ఖజానా మీద దెబ్బ కూడ. అందుచేత చేతులు జోడించి నిలబడిన స్త్రీలకు దుకాణదారుల దూషణలతోపాటు పోలీసుల లాఠీలూ ఎదురైనవి. మే 5వ తేదీ తొలిజామున కరాడీలో గాంధీజీని అరెస్టు చేసిన తరువాత కూడ బా ఊరూరా తిరిగారు. 1932లో ఆమెను బార్డోలీలో అరెస్టు చేసి జైలులో పెట్టారు.

మద్యం విషయంలో ఆమె పరుల ఇండ్ల సంగతి మాట్లాడలేదు. పెద్ద కుమారుడు హరిలాల్ తాగుడుకు బానిసైనాడు. 1936లో అతడు మద్రాసులో తాగి అల్లరి చేసి పోలీసుల చేతికి చిక్కినప్పుడు, తల్లి పేరిట అతనికి వ్రాసిన బహిరంగ లేఖ పత్రికలలో వచ్చినది. రోజూ పత్రిక తెరవాలంటే ఏ వార్త ఉంటుందోనని ఆ తల్లి వణకేదట. మధ్యప్రదేశ్‌లోని కట్నీ రైలు స్టేషనులో జరిగినది మరొక ఘట్టం. రైలు ఆగగానే జనం గాంధీజీకి జయజయధ్వానాలు చేస్తుండగా, ‘మాతా కస్తూర్బాకీ జై’ అని ఒక గొంతు వినవచ్చినది. చింపిరి బట్టలతో హరిలాల్. జేబులో నుంచి ఒక నారింజపండు తీసి తల్లి చేతిలో పెట్టాడు. తనకేదీ తండ్రి అడుగగా, ఇది బాకు మాత్రమేనన్నాడు. మీ గొప్పతనమంతా బా వలననే సుమా అని తండ్రితో అన్నాడు. తమతో రమ్మని ఆమె అడిగింది. చాలా దూరం వచ్చేశానని అతడు రాలేదు. రైలు కదిలిన తరువాత ఆమెకు గుర్తుకు వచ్చినది: వాడికి తినడానికి ఏమీ ఇవ్వలేదని. బుట్టలో పండ్లు ఉన్నవి.

కల్లు దుకాణం ముందు నిలబడి ఎదుటివాని భార్య తరఫున, తల్లి తరఫున మాట్లాడగల అర్హత ఆమెకు ఎక్కడ నుంచి వచ్చినదో ఆ నారింజపండు చెబుతుంది.

గుజరాత్‌లో రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచి మద్యనిషేధ చట్టం ఉన్నది. చట్టం ఉన్నచోట దొంగసారా ఉండదని ఎవరూ ప్రమాణం చేయలేరు. తెలుగువారికి ఈ విషయంలో వేరొక అనుభవం ఉన్నది. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు వర్ధినేని రోశమ్మ వంటివారి వెంట సారా దుకాణం మూయించారు. ఆ ఊరి కథ వయోజన విద్య వాచకంలో పాఠమైనది. పాఠం చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్ళలో అదే పని చేశారు. సారా వేలంపాటలను అడ్డుకొన్నారు. 1993లో సారా మీద, 1995లో సంపూర్ణంగా మద్యం మీద ఆంధ్రప్రదేశ్‌లో నిషేధం వచ్చినది. 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయినది. అరవై ఏండ్ల ఎడంతో జలాల్‌పూర్ తాలూకా స్త్రీలు, నెల్లూరు స్త్రీలు ఒకే చోట నిలబడ్డారు: దుకాణం వాకిట.

మిఠూబెన్ పికెటింగ్‌తో ఆగలేదు. సూరత్, నవసారీల మధ్య రైలుదారిలో ఉన్న మరోలీలో ఆశ్రమం స్థాపించారు. అక్కడ ఆదివాసీ, హరిజన, మత్స్యకార కుటుంబాల పిల్లలకు నూలు వడకడం, నేయడం, పాడి పని నేర్పారు. ఆ బడి పేరు కస్తూర్బా వణాట్‌శాల. గుజరాతీలో ‘వణాట్’ అనగా నేత. ఉధనా స్టేషనులో నవసారీ బండి ఎక్కే తెలుగు నేతపనివారు, తమ వృత్తి పేరును, బా పేరును కలిపి పెట్టుకొన్న ఆ బడి ఉన్న ఊరి మీదుగానే వెళ్తున్నారు. మిఠూబెన్‌కు 1961లో పద్మశ్రీ లభించినది. 1973లో ఆమె మరణించే వరకు పేరు కంటె పని మీదనే ఆమె ధ్యాస.

1939లో రాజ్‌కోట్ సంస్థానంలో ప్రజల హక్కుల కోసం పోరాటం జరిగినప్పుడు, అది తన ఇంటి ఊరని బా డెబ్బైయవ యేట పట్టుబట్టి వెళ్ళి నిర్బంధంలో ఉన్నారు. 1942 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున బొంబాయిలో గాంధీజీని అరెస్టు చేశారు. ఆ సాయంకాలం శివాజీ పార్కు సభలో ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న వచ్చినది. తాను మాట్లాడతానని ఆమె అన్నారు. సభకు చేరక ముందే అరెస్టు.

పూణేలోని ఆగాఖాన్ భవనం ఆమె చివరి చెరసాల. అక్కడ డెబ్బై దాటిన భర్త డెబ్బై దాటిన భార్యకు మళ్ళీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు: గుజరాతీ, భూగోళం. నగరాల పేర్లు, రాష్ట్రాల పేర్లు తారుమారయ్యేవి. పోరుబందరు, రాజ్‌కోట్ నాళ్ళలో అధికారం వలన సాగని చదువు చెరసాలలో సహనంతో కొంత సాగినది. కాని అప్పటికి కాలం మించిపోయినది. 1944 ఫిబ్రవరి 22వ తేదీన, శివరాత్రి నాడు, భర్త ఒడిలో ఆమె కన్నుమూశారు. గాంధీజీ స్వయంగా వడికిన నూలుతో నేసిన చీర ఒకటి ఆమె దాచుకొన్నారు. ఆమెను ఆ చీరలోనే సాగనంపారు.

ఆ సంవత్సరమే ఆమె పేర స్మారకనిధికి దేశం పూనుకొన్నది. గాంధీజీ 75వ జన్మదినానికి 75 లక్షల రూపాయలు కూడబెట్టాలని సంకల్పం. వచ్చినది కోటికి పైగా. ఆ సొమ్ము గ్రామీణ స్త్రీలకు, శిశువులకు మాత్రమే ఖర్చు కావాలని, పనిచేసేవారు సాధ్యమైనంతవరకు స్త్రీలే కావాలని గాంధీజీ పట్టుబట్టారు. కస్తూర్బా గాంధీ జాతీయ స్మారక ట్రస్టు అలా ఏర్పడినది. దాని కేంద్రం ఇండోర్ సమీపంలోని కస్తూర్బాగ్రామ్. హైదరాబాదు శివారున హైదర్‌షాకోట్‌లోనూ దాని సేవాకేంద్రం ఉన్నది.

తెలుగు పల్లెలలో మాత్రం ‘కస్తూర్బా’ అనగానే నేడు ఎక్కువమందికి గుర్తు వచ్చేది మరొకటి. 2004లో భారత ప్రభుత్వం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం ఆరంభించినది. విద్యలో వెనుకబడిన మండలాలలో బడి మానివేసిన ఆడపిల్లలకు, అసలు బడికే వెళ్ళని ఆడపిల్లలకు ఆరవ తరగతి నుంచి వసతితో కూడిన ఉచిత చదువు దాని ఉద్దేశం. నాలుగింట మూడు వంతుల సీట్లు షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకుల బాలికలకు. తక్కినవి దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల బాలికలకు. మొదట ఎనిమిదవ తరగతి వరకే ఉన్న ఈ చదువును తరువాత పన్నెండు వరకు పెంచే ఏర్పాటు వచ్చినది. తెలంగాణలో నాలుగు వందలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో మూడు వందలకు పైగా ఇటువంటి విద్యాలయాలు ఉన్నవి.

సూరత్ మునిసిపల్ పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియాలతోపాటు తెలుగులో కూడ చదువు చెబుతున్నారు. పరాయి రాష్ట్రంలో ఒక నగరం వలసవచ్చిన కార్మికుల బిడ్డలకు వారి భాషలో బడి నడపడం చిన్న విషయం కాదు. అయినా పెద్ద తరగతులకు వచ్చేసరికి ఇంటిలో ఒక మాట వినవస్తుంది: ఆడపిల్లకు ఇంక చాలును, లేసు పనిలో కూర్చోబెడితే నెలకు ఇంత వస్తుంది అని. సొంత ఊరిలో నాయనమ్మ దగ్గర వదలి వచ్చిన పిల్లల విషయంలోనూ ఇదే మాట. ఆ మాటకు ఎదురు చెప్పవలసినది తరచు ఆ ఇంటి ఇల్లాలే. ఆమెకు సంతకం రాకపోవచ్చును. కస్తూర్బాకు వచ్చినదీ అంతంతమాత్రమే. వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు మండల విద్యాశాఖ కార్యాలయంలోగాని, ఆ మండలపు కస్తూర్బా విద్యాలయంలోగాని అడిగితే ప్రవేశాల వివరాలు చెబుతారు. పిల్ల బడి మానివేసి ఒకటి రెండేండ్లు అయినంత మాత్రాన సిగ్గుపడనవసరం లేదు. ఆ విద్యాలయాలు పెట్టినది అటువంటి పిల్లలకే.